దుర్గాబాయి దేశ్‌ముఖ్: 12 ఏళ్లకు బడి మానేసి, పాతికేళ్ల వయసులో మళ్లీ పుస్తకం పట్టిన విద్యార్థిని

దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు వినగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేవి ఉప్పు సత్యాగ్రహం, రాజ్యాంగ సభ, ఆంధ్ర మహిళా సభ. పాఠ్యపుస్తకాల్లో ఆమె గురించి ఉండే నాలుగు వాక్యాలూ వీటి చుట్టూనే తిరుగుతాయి.

ఈ ఘట్టాల మధ్య తొమ్మిదేళ్ల కాలం ఒకటుంది. 1933 నాటికి జైలు జీవితం ముగిసినప్పటి నుంచి 1942లో న్యాయశాస్త్ర పట్టా అందుకునే దాకా ఆమె ప్రధానంగా విద్యార్థిని. మొదలుపెట్టేనాటికి వయసు 24. చేతిలో మెట్రిక్యులేషన్ సర్టిఫికెట్ కూడా లేదు. ఉన్నత చదువుకు కావాల్సిన ఇంగ్లీషు రాదు. ఉద్యమంలో పేరుంది, మూడుసార్లు జైలుకెళ్లిన చరిత్ర ఉంది. ఆ పేరుతో రాజకీయాల్లోనే కొనసాగవచ్చు. కానీ ఆమె క్రియాశీల రాజకీయాలను పక్కనపెట్టి, తనకన్నా ఎంతో చిన్నవాళ్లు రాసే పరీక్షకు కూర్చున్నారు.

ఆ తర్వాత స్త్రీవిద్యపై ఆమె చేసిన పనిలో చాలా భాగానికి మూలం ఈ తొమ్మిదేళ్లలోనే కనిపిస్తుంది. వయసు దాటాక చదువుకోవాలనుకునే మనిషికి ఏ తలుపులు మూసి ఉంటాయో ఆమెకు నివేదికలు చదివి తెలియలేదు. ఆ తలుపులు ఒక్కొక్కటిగా తానే తట్టారు.

ఎనిమిదేళ్లకు పెళ్లి

దుర్గాబాయి 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. తండ్రి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. బ్రాహ్మణ కుటుంబం. బాల్యం ఎక్కువగా కాకినాడలో గడిచింది.

అదే రాజమండ్రిలో 1881లో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. ఆడపిల్లలకు చదువు కావాలన్న మాట గోదావరి తీరంలో అప్పటికి కొత్త కాదు. అయినా ఇళ్లలో ఆచారాలు అంత తొందరగా మారలేదు. దుర్గాబాయికి ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. వరుడు సుబ్బారావు, బంధువుల అబ్బాయే.

ఊహ తెలిశాక ఆమె ఆ కాపురానికి వెళ్లనన్నారు. ఆ రోజుల్లో ఒక అమ్మాయి అలా అనడం ఎంత కష్టమో, ఆ మాటకు పుట్టింటివాళ్లు అండగా నిలవడం అంతకన్నా అరుదు. తండ్రి, తమ్ముడు నారాయణరావు ఆమె పక్షాన నిలిచారు. సుబ్బారావు కూడా ఒప్పుకుని మరో పెళ్లి చేసుకున్నారు. 1941లో ఆయన చనిపోయాక, ఆ రెండో భార్య తన కాళ్ల మీద తాను నిలబడేలా శిక్షణ ఇప్పించింది దుర్గాబాయే.

ఆమె తర్వాతి చదువుకు ఈ నేపథ్యం ముఖ్యం. పాతికేళ్ల వయసులో పుస్తకం పట్టినప్పుడు అత్తింటి అనుమతి అడగాల్సిన పరిస్థితి ఆమెకు లేదు. ఆ స్వేచ్ఛ ఆమె కోరి, తెగించి తెచ్చుకున్నదే. ఇంటివాళ్ల మద్దతు లేకుండా మాత్రం అది దక్కేది కాదు.

బడి వదిలేసిన పిల్ల బడి పెట్టింది

1920-21లో సహాయ నిరాకరణ ఉద్యమం ఊపందుకుంది. ప్రభుత్వ పాఠశాలలు, కళాశాలలు వదిలేయాలని గాంధీ ఇచ్చిన పిలుపు ఆంధ్ర ప్రాంతంలో బలంగా పనిచేసింది. పన్నెండేళ్ల దుర్గాబాయి ఇంగ్లీషులో బోధనను నిరసిస్తూ బడి మానేశారు.

అలా చదువు వదిలేసిన మగపిల్లల్లో కొందరికి మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాల వంటి చోట్లు ఉన్నాయి. ఉద్యమం చల్లబడ్డాక తిరిగి కాలేజీల్లో చేరినవాళ్లూ ఉన్నారు. ఆడపిల్ల విషయం వేరు. ఒకసారి బడి దాటి బయటికొస్తే మళ్లీ లోపలికి వెళ్లడం దాదాపు జరగని పని.

దుర్గాబాయి ఇంట్లో కూర్చోలేదు. హిందీ నేర్చుకున్నారు, నేర్చుకున్నది ఇతరులకు చెప్పడం మొదలుపెట్టారు. ఆడపిల్లల కోసం బాలికా హిందీ పాఠశాల ప్రారంభించారు. బడిలో ఉండాల్సిన వయసు పిల్ల తానే బడి నడిపింది.

1921లో గాంధీ కాకినాడ వచ్చారు. ఆయన దేవదాసీలను, ఘోషా పాటించే ముస్లిం స్త్రీలను కలుసుకోవాలని దుర్గాబాయి పట్టుబట్టారు. ఆయన ఆ సభకు రావాలంటే 5,000 రూపాయల నిధి సమకూర్చాలని పెద్దలు షరతు పెడితే, ఆ స్త్రీల సాయంతోనే సమకూర్చారు. గాంధీ హిందీ ప్రసంగాన్ని తెలుగులోకి అనువదించారు కూడా.

1923లో మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షతన కాకినాడలో అఖిల భారత కాంగ్రెస్ మహాసభ జరిగింది. అక్కడి ఖాదీ ప్రదర్శన ద్వారం దగ్గర టికెట్లు చూసే స్వచ్ఛంద సేవకురాలు దుర్గాబాయి. టికెట్ లేకుండా వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూను ఆమె లోపలికి పంపలేదు. నిర్వాహకులు టికెట్ కొనిచ్చాకే వదిలారు.

ఈ కథ తెలుగు ఇళ్లలో చాలామందికి తెలుసు. దీని వెనకున్న మరో సంగతి అంతగా చెప్పుకోరు. నెహ్రూను ఆపిన ఆ పద్నాలుగేళ్ల అమ్మాయికి అప్పటికే బడి చదువు ఆగిపోయి రెండేళ్లయింది. బహిరంగ జీవితంలో ఆమె ఎంత ముందుకెళ్తే, చదువు అంత వెనకపడుతూ వచ్చింది. అప్పట్లో ఆ లోటు బయటికి కనిపించలేదు.

జైల్లో తెలిసొచ్చిన లోటు

1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహం జరిగినప్పుడు టంగుటూరి ప్రకాశం వంటి నాయకులతో పాటు దుర్గాబాయి ముందు వరుసలో ఉన్నారు. అరెస్టయ్యారు. 1930-33 మధ్య మూడుసార్లు జైలు శిక్ష అనుభవించారు. వేలూరు, మదురై జైళ్లలో గడిపారు. మదురైలో ఒంటరి గదిలో ఉంచారు. ఆ జైలు జీవితం ఆరోగ్యాన్ని బాగా దెబ్బతీసింది.

అక్కడ ఆమె చూసింది తోటి సత్యాగ్రహులను మాత్రమే కాదు. హత్య వంటి నేరాలకు శిక్షపడిన మామూలు స్త్రీలు ఆ జైళ్లలో ఉన్నారు. వాళ్లలో చాలామందికి తమ మీద మోపిన అభియోగం ఏమిటో, కోర్టులో తమ తరఫున ఏం చెప్పుకోవచ్చో తెలియదు. చట్టం తెలియక, చెప్పేవాళ్లు లేక శిక్ష అనుభవిస్తున్న స్త్రీలను చూశాక న్యాయశాస్త్రం చదవాలన్న పట్టుదల ఆమెకు కలిగింది.

అయితే లా చదవాలంటే ముందు డిగ్రీ ఉండాలి. డిగ్రీకి ఇంటర్మీడియట్, దానికి మెట్రిక్యులేషన్ ఉండాలి. ఏ ఇంగ్లీషు చదువును కాదని బడి మానేశారో, ఆ ఇంగ్లీషు ఇప్పుడు పట్టుబడాలి.

చిన్నప్పటి నిర్ణయం తప్పని ఆమె అనుకున్నారని చెప్పడానికి లేదు. హిందీని, మాతృభాషలను ఆమె ఎన్నడూ వదల్లేదు. కానీ కోర్టులు, విశ్వవిద్యాలయాలు నడిచే భాష ఇంగ్లీషు. అక్కడికి చేరాలంటే ఆ భాష రావాల్సిందే. 24 ఏళ్ల వయసులో, చెడిన ఆరోగ్యంతో, ఆమె మొదటి మెట్టు దగ్గరికి వెళ్లారు.

బెనారస్ దారి

బడికి వెళ్లని మనిషి మెట్రిక్యులేషన్ ఎలా రాయాలి? పాతికేళ్ల స్త్రీ వెళ్లి పిల్లల మధ్య హైస్కూలు బెంచీ మీద కూర్చోలేదు. దీనికి దారి బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో దొరికింది. 1916లో మొదలైన ఈ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ స్థాయి పరీక్షను ప్రైవేటుగా రాసే వీలు కల్పించేది. ఇంట్లో చదువుకుని, పరీక్షకు మాత్రం హాజరైతే చాలు.

దుర్గాబాయి ఆ పరీక్ష రాసి పాసయ్యారు. తర్వాత ఇంటర్మీడియట్ పూర్తిచేశారు.

చూడ్డానికి ఇది ఒక పరీక్షా నిబంధన, అంతే. కానీ ఆ నిబంధన లేకపోతే ఆమె చదువు అక్కడే ఆగిపోయేది. ఈ దారిని ఆమె మర్చిపోలేదు. తర్వాత తన దగ్గరికి వచ్చిన స్త్రీలనూ ఇదే దారిలో నడిపించారు.

హాస్టల్ లేదన్న విశ్వవిద్యాలయం

ఇంటర్మీడియట్ అయ్యాక ఆమె చూపు వాల్తేరు వైపు మళ్లింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడింది. మొదట బెజవాడలో ఉండి, తర్వాత వాల్తేరుకు మారింది. దుర్గాబాయి రాజనీతి శాస్త్రంలో బీఏ ఆనర్స్ చదవాలనుకున్నారు.

అప్పటి ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డి. కవి, విమర్శకుడు, కేంబ్రిడ్జిలో చదివినవారు, ఆధునిక భావాలున్న మనిషి. ఆయన మొదట సీటు ఇవ్వడానికి ఒప్పుకోలేదు. కారణం దుర్గాబాయి అర్హత కాదు, వయసు కూడా కాదు. ఆడపిల్లలు ఉండటానికి విశ్వవిద్యాలయంలో హాస్టల్ లేదు.

స్త్రీలు చదవకూడదని ఎవరూ అనలేదు. వాళ్లు ఎక్కడ ఉంటారన్నదాని గురించి ఎవరూ ఆలోచించలేదు. ఊళ్లో సొంతిల్లో, దగ్గరి బంధువులో ఉన్న అమ్మాయికి తప్ప మిగతావాళ్లకు తలుపు మూసినట్టే.

దుర్గాబాయి వాదనతో సరిపెట్టుకోలేదు. హాస్టల్ లేక చదువు ఆగిపోయిన అమ్మాయిలు ఎవరైనా ఉంటే తనకు రాయమని పత్రికల్లో ప్రకటన ఇచ్చారు. జవాబులు వచ్చాయి. వాళ్లంతా కలిసి ఒక వసతి చూసుకుని, తామే హాస్టల్ ఏర్పాటు చేసుకున్నారు. అడ్డంకిగా చూపించిన కారణం తొలగిపోయింది. సీటు వచ్చింది.

సీటు ఒక్కరికే కావాలనుకుంటే ఆమె వాల్తేరులో తెలిసినవాళ్ల ఇల్లు చూసుకుని ఉండొచ్చు. ఉద్యమంలో ఉన్న పరిచయాలకు అది పెద్ద పని కాదు. ఆమె మాత్రం తనలాంటి వాళ్లు ఇంకెందరున్నారో వెతికారు. ఒక్కరి అభ్యర్థన అయితే మినహాయింపు ఇచ్చో, తిరస్కరించో వదిలేయవచ్చు. పదిమంది కలిసి వస్తే సంస్థ తన ఏర్పాట్లనే మార్చుకోవాలి. ఆమె తర్వాతి జీవితంలో ఈ పద్ధతి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

1930ల చివరికి వాల్తేరులో ఆమె డిగ్రీ చదువు పూర్తయింది. తర్వాత మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, 1942లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి పట్టా అందుకున్నారు. మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు ప్రారంభించారు.

ఆ కాలంలో ఇలా చదువు వైపు తిరిగివచ్చిన తెలుగు స్త్రీ ఆమె ఒక్కరే కాదు. మద్రాసులోని తెలుగు కుటుంబానికి చెందిన ఎ.లలిత 18 ఏళ్లకే భర్తను పోగొట్టుకున్నారు. చేతిలో నెలల బిడ్డ. 1940లో ఆమె గిండీ ఇంజినీరింగ్ కళాశాలలో చేరి, దేశంలో తొలి తరం మహిళా ఇంజినీర్లలో ఒకరయ్యారు. ఆమె తండ్రి అదే కళాశాలలో ఆచార్యుడు. దుర్గాబాయికైనా, లలితకైనా పట్టుదల ఒక్కటే సరిపోలేదు. వెనక నిలబడే మనిషి కావాలి, సంస్థ ఒక అడుగు కదలాలి.

తాను చదువుతూనే మరొకరికి బడి

1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలైంది. అప్పటికి దుర్గాబాయి చదువే పూర్తికాలేదు.

దాని మొదలు చాలా చిన్నది. మైలాపూర్‌లో పిల్లలను పోగుచేసి నడిపిన లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్ అనే బృందం నుంచి అది పెరిగింది. పిల్లలతో పాటు వాళ్ల తల్లులు, అక్కలు, బాల్యంలోనే పెళ్లయినవాళ్లు, భర్త పోయినవాళ్లు, భర్త వదిలేసినవాళ్లు రావడం మొదలుపెట్టారు. వాళ్లకు కావాల్సింది ఓదార్పు కాదని దుర్గాబాయికి తెలుసు. ఉద్యోగానికి పనికొచ్చే సర్టిఫికెట్ కావాలి.

అందుకే సభలో బెనారస్ మెట్రిక్యులేషన్ పరీక్షకు తరగతులు నడిపారు. కొన్నేళ్ల కిందట తాను ఒంటరిగా దాటిన మెట్టే అది. వాల్తేరు అనుభవంతో వసతి కూడా ఉండాలని ఆమెకు తెలుసు. కాబట్టి సభలో పాఠాలతో పాటు హాస్టల్ వచ్చింది, చేతిపనుల శిక్షణ వచ్చింది. తర్వాత ఆస్పత్రి, నర్సుల శిక్షణ, ఉపాధ్యాయ శిక్షణ చేరాయి. పిఠాపురం రాణి చిన్నమాంబ వంటివారు అండగా నిలిచారు.

తెలివికి వయసు కొలత కాదు

1946లో దుర్గాబాయి మద్రాసు రాష్ట్రం నుంచి రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. ఆ సభలోని కొద్దిమంది మహిళల్లో ఆమె ఒకరు. సభాపతి లేనప్పుడు సభ నడిపే అధ్యక్షుల ప్యానెల్లో ఉన్న ఏకైక మహిళ కూడా ఆమే. న్యాయవ్యవస్థ స్వతంత్రత, పిల్లలను దోపిడీ నుంచి కాపాడటం, స్త్రీల ఆస్తి హక్కు వంటి అంశాలపై ఆమె చురుగ్గా పనిచేశారు.

అందులో ఒక సవరణ ఆమె సొంత జీవితానికి దగ్గరగా ఉంటుంది. ఎగువ సభ సభ్యత్వానికి కనీస వయసు 35 ఏళ్లు ఉండాలని 1949 మేలో ప్రతిపాదన వచ్చింది. దాన్ని 30కి తగ్గించాలని దుర్గాబాయి సవరణ ప్రతిపాదించారు. తెలివికి వయసు కొలత కాదన్నది ఆమె వాదన. సభ ఆ సవరణను ఆమోదించింది. ఈరోజు రాజ్యసభకు పోటీ చేయడానికి కనీస వయసు 30 ఏళ్లే.

భాషపై చర్చలోనూ ఆమె గొంతు వినిపించింది. బడి ఈడులోనే హిందీ నేర్పిన మనిషి అయినా, హిందీవాదుల అత్యుత్సాహం దక్షిణాదివారిని దూరం చేస్తోందని ఆమె హెచ్చరించారు. హిందుస్తానీ వైపు మొగ్గారు. మార్పుకు 15 ఏళ్ల గడువు ఉండాలన్నారు. పెద్దయ్యాక ఇంకో భాష నేర్చుకుని పరీక్షలు రాయడం ఎంత బరువో ఆమెకు తెలుసు.

రెండు చదువులు, ఒక కాపురం

1952 ఎన్నికల్లో దుర్గాబాయి ఓడిపోయారు. ఆ తర్వాత ప్రణాళికా సంఘంలో సభ్యురాలయ్యారు. 1953 జనవరి 22న అప్పటి ఆర్థిక మంత్రి చింతామణ్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌ను పెళ్లి చేసుకున్నారు. సాక్షుల్లో నెహ్రూ ఒకరు.

ఈ దంపతుల చదువులు ఒకదానికొకటి పూర్తిగా భిన్నం. చింతామణ్ 1912లో బొంబాయి మెట్రిక్యులేషన్‌లో మొదటి స్థానం తెచ్చుకున్నారు. కేంబ్రిడ్జిలో చదివారు, ఐసీఎస్ పరీక్షలో మొదటివారిగా నిలిచారు. రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరయ్యారు. ఆయన చదువులో ఒక్క ఏడాది ఖాళీ లేదు. ఆమె చదువులో పన్నెండేళ్లు ఖాళీ.

1956లో ఆయన విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం అధ్యక్షుడయ్యారు. 1958లో ప్రభుత్వం స్త్రీవిద్యపై జాతీయ సంఘం వేసి, దానికి దుర్గాబాయిని అధ్యక్షురాలిని చేసింది. ఒకే ఇంట్లో ఒకరు విశ్వవిద్యాలయాల బాగోగులు చూస్తుంటే, మరొకరు ఆ గుమ్మం దాకా రాలేకపోయిన స్త్రీల లెక్క చూస్తున్నారు.

ఆ లెక్క చాలా పెద్దది. 1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో స్త్రీల అక్షరాస్యత దాదాపు 9 శాతం. పురుషుల్లో అది 27 శాతం. దుర్గాబాయి సంఘం 1959లో నివేదిక ఇచ్చింది. స్త్రీవిద్యను మామూలు విద్యాశాఖ పనుల్లో ఒకటిగా కాకుండా ప్రత్యేక సమస్యగా చూడాలని, బాలబాలికల చదువుల మధ్య అంతరం తగ్గించాలని, దీనికోసం విడిగా యంత్రాంగం ఉండాలని సిఫార్సు చేసింది. ఆ తర్వాత ఏర్పడిన బాలికల, స్త్రీల విద్యా జాతీయ మండలికి ఆమే తొలి అధ్యక్షురాలు.

వయసు దాటినవారికి ప్రభుత్వ తలుపు

1953 ఆగస్టులో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు కూడా దుర్గాబాయే తొలి అధ్యక్షురాలు. గ్రామాల్లో పనిచేయడానికి బోర్డుకు మహిళా కార్యకర్తలు కావాలి. గ్రామసేవికలు, బాలసేవికలు, దాయిలు, నర్సులు, టీచర్లు కావాలి. తీరా వెతికితే కనీస విద్యార్హత ఉన్న స్త్రీలు దొరకలేదు. మరోవైపు పని చేయాలన్న ఆసక్తి, అవసరం ఉన్న స్త్రీలు చాలామంది. వాళ్ల చదువు మూడో తరగతిలోనో, అయిదో తరగతిలోనో ఆగిపోయింది.

ఈ రెండింటినీ కలిపే ప్రయత్నంగా 1958లో బోర్డు వయోజన స్త్రీల కోసం కండెన్స్‌డ్ కోర్సులు మొదలుపెట్టింది. ఏళ్ల తరబడి బడిలో చదివే పాఠాలను కుదించి, తక్కువ కాలంలో చెప్పి, మిడిల్ లేదా మెట్రిక్యులేషన్ పరీక్షకు సిద్ధం చేయడం ఈ పథకం. స్వచ్ఛంద సంస్థలు తరగతులు నడిపితే బోర్డు డబ్బు ఇచ్చేది.

పెద్దవాళ్లు చిన్నపిల్లల్లా ఒక్కో తరగతికి ఒక్కో ఏడాది కూర్చోనక్కర్లేదన్నది దీని వెనకున్న ఆలోచన. ఇల్లు నడిపిన, బిడ్డలను పెంచిన, సంతలో లెక్కలు చూసుకున్న స్త్రీకి బడి బయట వచ్చిన తెలివి ఉంటుంది. దాన్ని లెక్కలోకి తీసుకుంటే దారి దగ్గరవుతుంది. మైలాపూర్‌లో ఒక సంస్థ చేసిన పని ఇప్పుడు దేశమంతటికీ ప్రభుత్వ పథకమైంది.

దాని హద్దులు

ఈ పథకాన్ని పొగడటంతో ఆపేస్తే అది సగం కథే అవుతుంది. దేశంలో అవసరం ముందు ఇది చిన్న పథకం. నడిపే స్వచ్ఛంద సంస్థ ఉన్నచోటే తరగతులుండేవి. లేనిచోట ఏమీ లేదు. ఇందులో చదివిన స్త్రీలకు ఎదురుగా కనిపించిన ఉద్యోగాలు ఎక్కువగా సేవా రంగంలోనివి, తక్కువ జీతాలవి. దుర్గాబాయి తాను మెట్రిక్యులేషన్ దగ్గర ఆగలేదు. ఆనర్స్ డిగ్రీ, లా డిగ్రీ దాకా వెళ్లారు. పథకం మాత్రం చాలామందిని మెట్రిక్యులేషన్ దగ్గరే దించేసింది.

ఆమెకున్న అనుకూలతలూ చూడాలి. చదువు విలువ తెలిసిన అగ్రకుల కుటుంబం, వెంట నిలిచిన తమ్ముడు, ఉద్యమంలో సంపాదించిన పేరు, పిల్లల బాధ్యత లేకపోవడం ఆమెకు కలిసొచ్చాయి. రోజుకూలీ మీద బతికే స్త్రీకి ఇవేవీ లేవు. అలాంటి స్త్రీ చదవాలంటే పుస్తకాలతో పాటు భత్యం కావాలి, పిల్లల్ని చూసుకునే చోటు కావాలి. ఆంధ్ర మహిళా సభ పాఠశాలతో పాటు హాస్టల్, ఆస్పత్రి, పని నేర్పే కేంద్రం కలిపి కట్టడంలో ఈ ఎరుక కొంత కనిపిస్తుంది. ప్రభుత్వ పథకాలకు అంత సమగ్రత ఎప్పుడూ రాలేదు.

ఆమె తర్వాత

దుర్గాబాయి చివరి దశాబ్దాల పని ఎక్కువగా హైదరాబాద్ చుట్టూ సాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆంధ్ర మహిళా సభ కళాశాల, వయోజన విద్య కోసం సాక్షరతా భవన్, విద్యానగర్‌లో ఆస్పత్రి వచ్చాయి. 1975లో దేశ్‌ముఖ్ దంపతులిద్దరికీ పద్మవిభూషణ్ లభించింది. 1981 మే 9న ఆమె కన్నుమూశారు.

మరుసటి ఏడాది, 1982లో, హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో ఇదే మొదటిది. ఇప్పుడు ఇది డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఇంటర్మీడియట్ లేకపోయినా ప్రవేశ పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు కల్పించింది. బస్సు కండక్టర్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు, పెళ్లితో చదువు ఆగిపోయిన గృహిణులు డిగ్రీ చదవడానికి అది దారైంది. ఆ సంస్థను స్థాపించింది ఆమె కాదు. కానీ ప్రైవేటుగా రాసే ఒక పరీక్ష జీవితాన్ని ఎంత మార్చగలదో ఈ రాష్ట్రానికి చూపించినవారిలో ఆమె ముందుంటారు.

వయసు గీతలు మాత్రం పూర్తిగా పోలేదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల్లో మూడేళ్ల లా కోర్సులో చేరడానికి గరిష్ఠ వయసు 30 ఏళ్లని పెట్టింది. దానిపై కోర్టుల్లో ఏళ్ల తరబడి వివాదం నడిచింది. 2017లో సుప్రీంకోర్టు ఆ పరిమితిని నిలిపివేసింది. దుర్గాబాయి లా పట్టా అందుకున్నది 1942లో, 33వ ఏట అటూ ఇటుగా. అలాంటి గీత అప్పుడే ఉండి, ఆమె చదువు ఒకటి రెండేళ్లు ఆలస్యమై ఉంటే, జైల్లో చూసిన స్త్రీల కోసం లా చదవాలన్న పట్టుదల దరఖాస్తు దగ్గరే ఆగిపోయేది.

ఇప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో స్త్రీల అధ్యయన కేంద్రానికి దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరుంది. ఆడపిల్లలకు హాస్టళ్లూ ఉన్నాయి. అయినా పదేళ్ల విరామం తర్వాత డిగ్రీలో చేరాలనుకునే ఒక తల్లి అడిగే ప్రశ్నలు 1930ల నాటివే. ఏ పరీక్ష రాస్తే చేర్చుకుంటారు, ఎక్కడ ఉండాలి, ఈలోపు ఇల్లు ఎలా గడవాలి, చదివాక పని దొరుకుతుందా. దుర్గాబాయి వీటిలో మొదటి రెండింటికి తన చదువుతోనే జవాబు వెతుక్కున్నారు. మిగతా రెండింటి కోసం సంస్థలు కట్టారు, ప్రభుత్వాన్ని కదిలించారు. ఆ పని ఇంకా మిగిలే ఉంది.